ఫోటో కింద పక్క ఊరి పేరు ఎందుకు పడుతుంది? అక్షాంశ రేఖాంశాలు అడ్రస్‌గా మారే తీరు

పని జరిగిన చోట ఫోటో తీస్తే కింద తేదీ, టైము, అక్షాంశం, రేఖాంశం, వాటితో పాటు ఒక అడ్రస్ కూడా అచ్చయి వచ్చే కెమెరా యాప్‌లు ఇప్పుడు పంచాయతీ సిబ్బంది నుంచి ప్రైవేటు కంపెనీల ఫీల్డ్ స్టాఫ్ దాకా చాలామంది ఫోన్లలో ఉన్నాయి. ఆ అంకెల వరస ఎవరూ చదవరు, కళ్లు నేరుగా అడ్రస్ మీదికే పోతాయి. గొడవ అక్కడే మొదలవుతుంది. సీసీ రోడ్డు వేసింది ఒక ఊళ్లో, ఫోటో కింద పడింది పక్క ఊరి పేరు. పై ఆఫీసులో చూసినవాళ్లకి అనుమానం, ఫోటో తీసినవాళ్లకి టెన్షన్. అసలు అక్కడికి వెళ్లనే లేదనే మాట కూడా పడాల్సి వస్తుంది.

ఇలాంటి చాలా కేసుల్లో అబద్ధం చెప్పినవాళ్లు ఎవరూ ఉండరు. ఆ ఫోటో మీద ఉన్నవి రెండు వేర్వేరు పనుల ఫలితాలు. అంకెలు ఫోన్ కొలిచినవి. అడ్రస్ మాత్రం ఎక్కడో ఉన్న ఒక సాఫ్ట్‌వేర్, తన దగ్గరున్న మ్యాప్ చూసి వేసిన అంచనా. రెండిటినీ ఒకే గాట కట్టడం వల్లే ఇంత గందరగోళం.

కొలత ఎక్కడ ఆగుతుంది, అంచనా ఎక్కడ మొదలవుతుంది

భూమధ్యరేఖ నుంచి ఉత్తరానికో దక్షిణానికో ఎంత దూరంలో ఉన్నామో చెప్పేది అక్షాంశం. ఇంగ్లండ్‌లోని గ్రీనిచ్ మీదుగా గీసుకున్న రేఖ నుంచి తూర్పుకో పడమరకో ఎంత దూరమో చెప్పేది రేఖాంశం. చార్మినార్ దగ్గర ఇవి సుమారు 17.3616, 78.4747. ఉపగ్రహాల నుంచి వచ్చే సిగ్నళ్లను బట్టి ఫోన్ ఈ రెండంకెలనీ లెక్కగడుతుంది.

అడ్రస్ ఇస్తే అంకెలు చెప్పడాన్ని జియోకోడింగ్ అంటారు. అంకెలు ఇస్తే అడ్రస్ చెప్పడం రివర్స్ జియోకోడింగ్. క్యాబ్ బుక్ చేసేటప్పుడు పిన్ను జరిపిన చోటల్లా పైన అడ్రస్ మారుతూ ఉంటుంది కదా, అది ఈ రెండోదే.

దశాంశ బిందువు తర్వాత ఎన్ని అంకెలున్నాయన్నది ఇక్కడ ముఖ్యం. అక్షాంశంలో 1 డిగ్రీ అంటే నేల మీద సుమారు 111 కిలోమీటర్లు. కాబట్టి మూడో దశాంశ స్థానంలో 1 తేడా వస్తే 111 మీటర్లు, నాలుగో స్థానంలో అయితే 11 మీటర్లు, ఐదో స్థానంలో అయితే మీటరు పైచిలుకు. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి గనుక హైదరాబాద్ దగ్గర 1 డిగ్రీ రేఖాంశం సుమారు 106 కిలోమీటర్లే. యాప్ ఆరు, ఏడు దశాంశాలు చూపిస్తోంది కదా అని కొలత సెంటీమీటర్లలో ఉందనుకోకూడదు. ఆకాశం బాగా కనిపించే చోట కూడా మామూలు స్మార్ట్‌ఫోన్ 5 మీటర్ల దాకా అటూ ఇటూ అవుతుంది. ఎత్తైన భవనాల మధ్య సిగ్నల్ గోడలకు తగిలి తిరిగొస్తే ఆ తేడా ఇంకా పెరుగుతుంది.

కొలతలో వచ్చే తప్పు ఇంతవరకే. పక్క ఊరి పేరు పడటానికి ఈ కొద్ది మీటర్లు సాధారణంగా కారణం కాదు.

అంకెలు తారుమారైతే మాత్రం పెద్ద తప్పే జరుగుతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు అక్షాంశం ముందు రాస్తాయి. మ్యాప్ సమాచారం రాసిపెట్టే జియోజేసన్ అనే ఫార్మాట్‌లోనేమో రేఖాంశం ముందు. చార్మినార్ అంకెల్ని తిరగేస్తే 78.4747 ఉత్తర అక్షాంశం, 17.3616 తూర్పు రేఖాంశం అవుతుంది. అది ఆర్కిటిక్ సముద్రంలో నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో పడుతుంది. మన దేశపు ఆర్కిటిక్ పరిశోధన కేంద్రం హిమాద్రి ఉన్నది ఆ దీవుల్లోనే. ఇంత దూరం పోయిన తప్పు వెంటనే కంట్లో పడుతుంది. నాలుగైదు కిలోమీటర్ల తప్పులు అలా దొరకవు.

నామినాటిమ్ అడ్రస్ ఎలా తయారుచేస్తుంది

ఈ పని చేసే సాఫ్ట్‌వేర్లలో లోపల ఏం జరుగుతుందో ఎవరైనా చూడగలిగేది నామినాటిమ్. 2004లో మొదలై, వాలంటీర్లు గీస్తూ వస్తున్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారం మీద ఇది నడుస్తుంది. ఆ మ్యాప్‌లో ఉన్న రోడ్లు, భవనాలు, ఊళ్లు, సరిహద్దులన్నిటినీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి ఎక్కించుకుని, అడిగినవాళ్లకి జవాబిస్తుంది.

మనం ఒక బిందువు ఇవ్వగానే ఆ బిందువుకి దగ్గర్లో తన మ్యాప్‌లో ఏముందో అది వెతుకుతుంది. భవనమో, షాపో, రోడ్డో దొరుకుతుంది. ఆ దొరికినదాని అడ్రస్‌ను మనకి ఇస్తుంది. మనం ఇచ్చిన బిందువుకి అడ్రస్ లెక్కగట్టడం లేదని, దగ్గర్లో తగిన వస్తువును పట్టుకుని దాని అడ్రస్ ఇస్తున్నామని, అందువల్ల అప్పుడప్పుడు అనుకోని జవాబులు రావచ్చని నామినాటిమ్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంటుంది. ఈ విషయం మొత్తంలో అందరికీ తెలియాల్సిన మాట ఇదేనని నా అభిప్రాయం. ఫోటో కింద అచ్చయ్యే ఆ ఒక్క లైనులో మాత్రం ఈ హెచ్చరిక ఎక్కడా ఉండదు.

ఒక ఉదాహరణ చూద్దాం. మెయిన్ రోడ్డు నుంచి 120 మీటర్లు లోపలికి ఒక ఇల్లుంది. ఇంటి ముందు సందు ఉంది గానీ మ్యాప్‌లో ఎవరూ గీయలేదు. ఇంటి వెనకాల, ప్రహరీ గోడ అవతల, 25 మీటర్ల దూరంలో వేరే కాలనీ రోడ్డు మ్యాప్‌లో ఉంది. సాఫ్ట్‌వేర్‌కి గోడ తెలియదు, గేటు ఎటుందో తెలియదు. దానికి తెలిసిన వాటిలో దగ్గరిది 25 మీటర్ల రోడ్డే. కాబట్టి ఆ కాలనీ పేరుతో అడ్రస్ ఇస్తుంది. డెలివరీ బాయ్ ఆ అడ్రస్‌కే వస్తే గోడకి అవతల నిలబడి ఫోన్ చేస్తాడు. కొలత కరెక్టే, సాఫ్ట్‌వేర్ కూడా చెప్పిన పని చెప్పినట్టే చేసింది. లేనిదల్లా మ్యాప్‌లో ఆ సందు.

పొలిమేర లేని ఊళ్లు

పల్లెల్లో సమస్య ఇంకాస్త లోతైనది. మొదట చెప్పుకున్న సీసీ రోడ్డు గొడవకి మూలం ఇక్కడే ఉంది.

రెవెన్యూ రికార్డుల్లో ఊరంటే నేల. దానికో పొలిమేర ఉంటుంది, ఆ పొలిమేర లోపల సర్వే నంబర్లుంటాయి, గ్రామ నక్షా ఉంటుంది. ఇళ్లున్న చోటే కాదు, చివరి పొలం గట్టు దాకా ఆ ఊరి కిందికే వస్తుంది. కంప్యూటర్ మ్యాపుల్లో మాత్రం చాలా పల్లెలు ఒక చుక్క, ఒక పేరు. ఇళ్లున్న చోట ఆ చుక్క పెట్టి ఊరి పేరు రాస్తారు. పొలిమేర గీత ఉండదు.

ఎ అనే ఊరు, బి అనే ఊరు పక్కపక్కన ఉన్నాయనుకుందాం. ఎ ఊరి పొలిమేర తూర్పుకి బాగా సాగి ఉంది. ఆ చివర చెరువు గట్టు మీద పని జరుగుతోంది. అక్కడి నుంచి ఎ ఊరి చుక్కకి 2.6 కిలోమీటర్లు, బి ఊరి చుక్కకి 1.4 కిలోమీటర్లు. రెవెన్యూ లెక్క ప్రకారం ఆ గట్టు నిస్సందేహంగా ఎ ఊరిది. గీత లేని మ్యాప్‌కి ఆధారం దూరమే గనుక అది బి ఊరి పేరు రాస్తుంది. పని చేసినవాళ్లది ఎ ఊరు, ఫోటో కింద పడింది బి ఊరు. శివారు పల్లెలు ఎక్కువగా ఉన్న పెద్ద రెవెన్యూ గ్రామాల్లో ఇది తరచూ జరుగుతుంది.

ఉపాధి హామీ పనుల్లో మస్టరుకి జియోట్యాగ్ చేసిన, అంటే లొకేషన్ జతచేసిన, ఫోటోల్ని 2023 జనవరి నుంచి తప్పనిసరి చేశారు. లొకేషన్‌ని సాక్ష్యంగా చూసే పద్ధతి ఇలా ఒక్కో శాఖలోకీ వస్తున్నప్పుడు, దేన్ని సాక్ష్యంగా తీసుకోవాలన్న ప్రశ్న చిన్నది కాదు. చెరువు గట్టు ఉదాహరణలో అంకెల్ని తీసుకెళ్లి గ్రామ నక్షా మీద పెడితే బిందువు ఎ ఊరి సర్వే నంబర్లోనే పడుతుంది. అడ్రస్ లైను ఒక్కటే చూస్తే పని చేసినవాళ్లు దొంగలవుతారు. కూలి డబ్బులకి, ఉద్యోగుల పరువుకి ముడిపడిన చోట ఈ తేడా తెలియకుండా నోటీసులు రాయడం అన్యాయం.

ఏటపాక ఏ జిల్లాలో ఉంది?

గీతలు ఉన్న చోట కూడా అవి ఎప్పటివి అన్నది మరో ప్రశ్న. భద్రాచలాన్ని ఆనుకుని ఉన్న ఏటపాక 2014 దాకా ఖమ్మం జిల్లాలో ఉండేది. పోలవరం ముంపు ప్రాంతాల బదిలీలో ఆంధ్రప్రదేశ్‌కి వెళ్లి తూర్పు గోదావరిలో కలిసింది. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. భద్రాచలం పట్టణమేమో తెలంగాణలోనే ఉండిపోయి, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వెళ్లింది. 2014 నుంచి 2022 దాకా ఎనిమిదేళ్లలోనే ఏటపాకలోని ఒక ఇల్లు కదలకుండానే రెండుసార్లు జిల్లా మారింది. అక్షాంశ రేఖాంశాల్లో ఒక్క అంకె కూడా మారలేదు.

తెలంగాణ 2016లో 10 జిల్లాల నుంచి 31కి, 2019లో 33కి వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ 2022లో 13 నుంచి 26కి వెళ్లింది. ఏదైనా సంస్థ పాత మ్యాప్ కాపీ ఒకటి తన సర్వర్లో పెట్టుకుని అప్‌డేట్ చేయకపోతే, దాని యాప్ ఇంకా పాత జిల్లా పేరే రాస్తుంది. నామినాటిమ్ దగ్గర ఉండేది ఇప్పటి మ్యాప్ మాత్రమే. 2013లో తీసిన ఫోటోని ఈరోజు దానికిస్తే ఈనాటి జిల్లా పేరే చెబుతుంది. పాత భూమి తగాదాల్లో, పాత రికార్డులతో సరిపోల్చే పనుల్లో ఇది కొత్త చిక్కులు తెచ్చిపెడుతుంది.

పిన్‌కోడ్‌ది ఇలాంటిదే ఇంకో కథ. 1972లో వచ్చిన ఆ ఆరంకెలు తపాలా బట్వాడా కోసం పుట్టినవి, రెవెన్యూ సరిహద్దులతో వాటికి పొత్తు లేదు. దగ్గర్లో పిన్‌కోడ్ రాసి ఉన్న ఇల్లు కనిపించకపోతే సాఫ్ట్‌వేర్ చుట్టుపక్కల సమాచారాన్ని బట్టి ఒకటి ఊహించి పెడుతుంది. అడ్రస్‌లో మిగతావన్నీ సరిగ్గా ఉండి పిన్‌కోడ్ ఒక్కటే తేడాగా ఉండటానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

ఇంటి నంబరు విషయంలో అమెరికా లెక్క ఇక్కడ కుదరదు

రివర్స్ జియోకోడింగ్ పద్ధతులు చాలావరకు అమెరికా, యూరప్ వీధులను దృష్టిలో పెట్టుకుని పుట్టాయి. అక్కడ ఇంటి నంబర్లు వీధి వెంట వరసగా పెరుగుతాయి, ఒక వైపు బేసి, ఇంకో వైపు సరి. ప్రతి ఇల్లూ మ్యాప్‌లో లేకపోయినా పర్వాలేదు. వీధి మొదట్లో 101, చివర్లో 199 అని తెలిస్తే చాలు. బిందువు వీధిలో 30 శాతం దూరంలో ఉంటే, 98లో 30 శాతం 29.4. దానికి 101 కలిపితే 130.4. దగ్గరి బేసి సంఖ్య 131. కాబట్టి ఇంటి నంబరు 131 అని సాఫ్ట్‌వేర్ చెబుతుంది. అమెరికా జనగణన సంస్థ ఇచ్చే టైగర్ సమాచారంతో నామినాటిమ్ అక్కడ ఈ పనే చేస్తుంది.

హైదరాబాద్ పాత ఇంటి నంబర్లో మొదటి అంకె వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. స్థలం రెండు ముక్కలైతే గీత పెట్టి 1, 2 అంటారు, ఇంకో వాటా పడితే ఎ, బి అంటారు. నంబరుకి వీధితో సంబంధం లేదు. పక్కింటి నంబరు తెలిసినంత మాత్రాన ఈ ఇంటిది చెప్పలేం. ఇక్కడ 30 శాతం లెక్క వేస్తే వచ్చేది లేని ఇంటి నంబరే. అందుకే మన నగరాల్లో యాప్‌లు ఇంటి నంబరు జోలికి పోకుండా కాలనీ పేరు, దగ్గరి గుడి, బ్యాంకు, హాస్పిటల్ చెప్పి ఆగిపోతాయి. మనం కూడా దారి చెప్పేటప్పుడు ఎదురుగా ఉన్న మెడికల్ షాపే చెబుతాం గనుక ఇందులో నాకు తప్పు కనిపించదు. నగరమంతా ఒకే పద్ధతిలో నంబర్లు పడితే తప్ప ఇంతకంటే బాగా చేయడం ఏ సాఫ్ట్‌వేర్ వల్లా కాదు. దక్షిణ కొరియా 2014 నుంచి వీధి పేరు, భవనం నంబరు పద్ధతిని తప్పనిసరి చేసింది.

జవాబుతో పాటు వచ్చే వివరాలు

ఒకే బిందువుకి అనేక సరైన జవాబులు ఉంటాయన్నది కూడా మర్చిపోకూడదు. నామినాటిమ్‌ని అడిగేటప్పుడు జూమ్ అనే అంకె ఇవ్వొచ్చు. 18 ఇస్తే భవనం స్థాయిలో, 10 ఇస్తే నగరం స్థాయిలో, 5 ఇస్తే రాష్ట్రం స్థాయిలో, 3 ఇస్తే దేశం పేరుతో జవాబిస్తుంది. భవనాల సమాచారమే లేని పల్లెలో 18 స్థాయి జవాబు అడిగితే, దూరంగా ఉన్న ఏదో ఒక వస్తువును అది పట్టుకోవచ్చు. అదే పల్లెలో మండలం వరకు చాలంటే జవాబు చాలా నమ్మకంగా ఉంటుంది.

తనకి దొరికిన వస్తువు ఎక్కడుందో కూడా నామినాటిమ్ జవాబులోనే చెబుతుంది. మనం ఇచ్చింది 17.3616, 78.4747 అనుకుందాం. జవాబులో 17.3625, 78.4740 అని వచ్చిందనుకుందాం. అక్షాంశంలో తేడా 0.0009, అంటే సుమారు 100 మీటర్లు. రేఖాంశంలో తేడా 0.0007, అంటే సుమారు 74 మీటర్లు. రెండిటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 124 మీటర్లు. దొరికింది భవనమైతే ఆ అడ్రస్ 124 మీటర్ల అవతలి భవనానిది. దొరికింది పొడవాటి రోడ్డయితే ఈ లెక్కను అలాగే తీసుకోకూడదు. రోడ్డు మన పక్కనే ఉండి, దాని నడిమి బిందువు ఎక్కడో ఉండొచ్చు.

గూగుల్ సేవలో ఇదే సంగతి మాటల్లో వస్తుంది. రూఫ్‌టాప్ అంటే కచ్చితమైన అడ్రస్. రేంజ్ ఇంటర్‌పొలేటెడ్ అంటే పైన చెప్పిన 30 శాతం లాంటి లెక్క. జియోమెట్రిక్ సెంటర్ అంటే రోడ్డుదో ప్రాంతానిదో నడిమి బిందువు. అప్రాక్సిమేట్ అంటే ఉజ్జాయింపు. ఈ సమాచారం ప్రతి జవాబుతోనూ వస్తుంది. యాప్ తయారుచేసినవాళ్లు దాన్ని పక్కనపెట్టి అడ్రస్ ఒక్కటే చూపిస్తే, ఉజ్జాయింపు జవాబు కూడా చూసేవాళ్లకి రూఫ్‌టాప్ జవాబులాగే కనిపిస్తుంది.

తెలుగులో అడిగితే నామినాటిమ్ తెలుగు పేర్లే వెతుకుతుంది. వాలంటీర్లు తెలుగు పేరు రాసి ఉంచిన చోట తెలుగులో, లేనిచోట ఇంగ్లిష్‌లో వస్తుంది. అందుకే రాష్ట్రం పేరు తెలుగులో, వీధి పేరు ఇంగ్లిష్‌లో ఉన్న అడ్రస్‌లు కనిపిస్తుంటాయి.

ఉచితమా, డబ్బు కట్టి వాడేదా

నామినాటిమ్ ప్రోగ్రామ్ ఉచితం, మ్యాప్ సమాచారం ఉచితం. వచ్చిన అడ్రస్‌లను దాచుకోవచ్చు, మూలం పేరు చెప్పాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్ల ఉమ్మడి సర్వర్‌ని సెకనుకి ఒక్క ప్రశ్నకి మించి అడగకూడదు. 10,000 బిందువులుంటే అలా అడగడానికే 2 గంటల 47 నిమిషాలు పడుతుంది. అసలు అంత పెద్ద పనులకి దాన్ని వాడటాన్ని వాళ్లు ప్రోత్సహించరు కూడా. సొంత సర్వర్లో పెట్టుకోవచ్చు. అలా పెట్టుకుంటే రోగుల ఇళ్లు, మహిళా ఉద్యోగుల పికప్ పాయింట్ల లాంటి సున్నితమైన లొకేషన్లు బయటి కంపెనీ చేతిలో పడవు.

గూగుల్‌ని ఎంచుకునేవాళ్ల వాదనలోనూ బలముంది. నగరాల్లో షాపులు, అపార్ట్‌మెంట్ల సమాచారం దాని దగ్గర దట్టంగా ఉంటుంది. అయితే వాడకాన్ని బట్టి డబ్బు కట్టాలి, వచ్చిన అడ్రస్‌ను శాశ్వతంగా దాచుకోవడానికి షరతులు ఒప్పుకోవు. మ్యాప్‌మైఇండియా, ఓలా లాంటి దేశీయ సేవలు కూడా పోటీలో ఉన్నాయి. 2024లో గూగుల్ ఇండియాలో తన మ్యాప్ సేవల ధరల్ని బాగా తగ్గించింది.

డిజిపిన్ అడ్రస్ సమస్యను తీరుస్తుందా

తపాలా శాఖ 2025 మేలో తెచ్చిన డిజిపిన్ గురించి విన్నవాళ్లు ఇక ఈ బాధలన్నీ పోతాయా అని అడుగుతున్నారు. ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకి చెందిన ఎన్ఆర్ఎస్‌సీలతో కలిసి దాన్ని తయారుచేశారు. దేశమంతటినీ ఒక పెద్ద చతురస్రంలో పెట్టి, 36 డిగ్రీల ఆ చతురస్రాన్ని 16 గళ్లు చేస్తారు. ప్రతి గడికీ ఒక గుర్తు. ఆ గడిని మళ్లీ 16 చేస్తారు. ఇలా పదిసార్లు చేస్తే చివరి గడి వెడల్పు 4 మీటర్ల లోపుకి వస్తుంది. ఆ పది గుర్తులే డిజిపిన్.

చార్మినార్ అంకెలతో చేసి చూస్తే మొదటి గుర్తు 4, రెండోది 2, మూడోది 2, నాలుగోది 5. నాలుగు గుర్తులకే 16 కిలోమీటర్ల లోపు గడిలోకి వచ్చేశాం. ఇందులో డేటాబేస్ లేదు, మ్యాప్ లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. పూర్తిగా లెక్కే. కాబట్టి పక్క ఊరి పేరు పడే తప్పు ఇందులో జరగదు, ఎందుకంటే ఇందులో ఊరి పేరే లేదు.

డిజిపిన్ బలమూ పరిమితీ రెండూ ఇక్కడే ఉన్నాయని అనిపిస్తుంది. పేరూ నంబరూ లేని సందులోని ఇంటికి కూడా కోడ్ దొరుకుతుంది. అంబులెన్స్‌కి అది చాలా విలువైనది. కానీ పది అంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఒకదానిపై ఒకటి ఉన్న ఫ్లాట్లన్నిటికీ అదే కోడ్. ఫోన్ కొలత 5 మీటర్లు అటూ ఇటూ అయితే పక్క గడి కోడ్ వస్తుంది. మొదటి గుర్తులు కలిస్తే దగ్గరి ఊళ్లని అనుకోవడానికీ లేదు. 16 డిగ్రీల అక్షాంశం దగ్గర ఒక గడి గీత పడటం వల్ల దానికి దక్షిణాన ఉన్న బాపట్ల కోడ్ 46తో మొదలవుతుంది, కాస్త ఉత్తరాన ఉన్న పొన్నూరుది 47తో. దూరంగా ఉన్న నెల్లూరుది మాత్రం బాపట్లతో పాటే 46.

డిజిపిన్ లెక్క వేసే ప్రోగ్రామ్‌ని తపాలా శాఖ ఓపెన్ సోర్స్‌గా బయటపెట్టింది. ఒక గడి ఏ ఊరి పొలిమేరలో ఉంది, ఏ మండలం, ఏ వీధి అన్నవి ఆ ప్రోగ్రామ్‌లో ఉండవు. అవి రెవెన్యూ, మున్సిపల్, పంచాయతీ రికార్డుల్లో ఉన్నాయి. ఆ సరిహద్దు గీతల్ని ప్రభుత్వం అందరూ వాడుకునే రూపంలో విడుదల చేయాలని మ్యాప్ వాలంటీర్లు అంటారు. తేలని సరిహద్దు తగాదాలు ఉన్నచోట కంప్యూటర్ గీతకే చట్టబద్ధత వచ్చేస్తుందన్న భయమూ ఉంది, అదీ కొట్టిపారేయదగ్గది కాదు. గీతలు వచ్చిన రోజున చెరువు గట్టు మీది ఫోటో కింద ఎ ఊరి పేరే పడుతుంది. అంతవరకు ఆ ఊరిని నిరూపించేవి పైన ఉన్న రెండంకెలే.